గాలి పెరిగిందా, నేను పెంచినానా

అరవవాళ్ళ ఆషాఢం, ఆడి మాసంలో మావాళ్ళు ఇల్లు మారరు. కొత్తింట్లో పాలు పొంగించరు, సామాను బండికి ఎక్కించరు. ఈ ఆచారం ఎవరు పెట్టినారో ఏమో, ఆ మహానుభావుడికి ఒక దండం. ఆ ఏడు ఎండాకాలం చివర్లో మా ఆయన గిరి "ఇంక నా వల్ల కాదు, తిరునిన్రవూరులో ఇల్లు చూసినా, పోదాం" అన్నప్పుడు మా అత్త ఆ ఆచారాన్నే అడ్డం పెట్టింది.

"ఆడి వస్తా ఉంది గదరా. ఆ నెల దాటి ఆవణి పుట్టనీ. అప్పుడు పో. నేనేమన్నా నీ కాళ్ళు పట్టుకుంటానా," అనింది సందులో నిలబడి. మా వాకిలి మెట్లు ఆమె ఎక్కగలిగేది కాదు. మోకాళ్ళు వంగవు.

"సరి, ఆవణి మొదటి దినం. అంతే," అన్నాడు గిరి. ఆమె గోడ పట్టుకొని మెల్లగా ముందింట్లోకి వెళ్ళిపోయింది. చిన్నకొడుకు ఇల్లు వదిలి పోతే మళ్ళీ రాడని ఆమెకి తెలుసు. నాకూ తెలుసు.

పెరంబూరులో మాది రైలు పెట్టె మాదిరి పొడుగాటి ఇల్లు. మా మామ దేవరాజులు పోయినాక అన్నదమ్ములు మధ్యలో గోడ లేపి రెండు చేసుకున్నారు. వీధి వైపు సగం మా బావ మోహన్‌రాజ్‌ది, వెనక సగం మాది. అత్త భువనేశ్వరి బావ దగ్గరే ఉంటాది. గోడ కట్టినప్పుడు ఎవరూ తగువులాడలేదు. తగువంతా నీళ్ళ కాడ వచ్చింది. వీధి పైపు ముందు బావ ఇంట్లోకి వచ్చి, ఆణ్ణించి సందులో మా ఇంటికి వస్తాది. తెల్లారి నీళ్ళు వదిలే వేళకి బావ తన పెద్ద మోటారు వేసి డ్యూటీకి పోతాడు. అది తిరిగినంతసేపూ మా పైపులో బుస్సుమని గాలి తప్ప చుక్క రాదు. వాళ్ళ మిద్దె మీద ట్యాంకు నిండి, పొర్లి, వీధిలో కారిపోయినాక మా వంతు. అప్పటికి వీధిలోనే నీళ్ళు నిలిచిపోతాయి.

గిరి ఒకసారి పోయి అడిగినాడు. "మోటారు నాది, కరెంటు నాది. నువ్వూ పెద్దది పెట్టుకో," అన్నాడంట బావ. మా ఆయనకి రోషం ముక్కు మీదే ఉంటాది. ఆనాటినించి అన్నతో మాటల్లేవు. ఇద్దరూ ఒకే ఫ్యాక్టరీలో రైలు పెట్టెలు చేస్తారు, ఒకే గేటులో పోతారు, ఎవరో తెలీనట్టు పోతారు. రోషం వాళ్ళది, బిందెలు నావి. వీధి చివర నీళ్ళ లారీ వచ్చినప్పుడల్లా చీర కుచ్చిళ్ళు పైకి దోపుకొని మోసుకొచ్చి, ఆ తర్వాత వంట చేసి, బస్సెక్కి గిండీలో ఆఫీసు చేరేటప్పటికే నా ప్రాణం తోకకొచ్చేది. ఆడ ఇంక అసలు పని మొదలు.

నా పని గాలిమరలకి బుద్ధి చెప్పడం. ఆరల్వాయ్‌మొళి కాడ కొండల సందులో మా కంపెనీ చూసుకునే పాత మరలు కొన్ని ఉండాయి. అవి ఆడ తిరగతా ఉంటాయి, నేను ఈడ ఏసీ గదిలో శాలువా కప్పుకొని తెర మీద వాటిని చూస్తా ఉంటా. రెక్కలు మరీ వేగంగా తిరిగినా కరెంటు తగ్గతాది, మరీ మెల్లగా తిరిగినా తగ్గతాది. ఉన్న గాలికి మధ్యలో ఏదో ఒక వేగం ఉంటాది, ఆడ పట్టుకుంటే దండిగా వస్తాది. ఆ గాలి ఎంతుందో చెప్పే కొలత యంత్రాలు ఆ పాత మరల మీద నమ్మేటట్టు లేవు. అందుకని నేను రాసిన ప్రోగ్రాము తడుముకుంటా పోతాది. వేగం రవ్వంత పెంచి చూస్తాది. కరెంటు పెరిగిందా, ఇంకో రవ్వ పెంచతాది. తగ్గిందా, వెనక్కి తిరగతాది. చీకట్లో మెట్లెక్కేవాళ్ళు కాలితో తడిమి చూసుకున్నట్టు.

నా పైన సుందరరామమూర్తి సారు. రాజమండ్రి పక్కనించి ఉద్యోగానికి వచ్చి ఈడే తల నెరిసిన మనిషి. నేను 'ఈడ, ఆడ' అన్నప్పుడల్లా "మీది తెలుగేనామ్మా?" అని ఏడిపించేవాడు. నా ప్రోగ్రాము చూసి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"అంతా బానే ఉంది గానమ్మా జయంతీ, నువ్వు వేగం పెంచిన టైముకే గాలి కూడా పెరిగిందనుకో. మరకేం తెలుస్తుంది? అంతా నా గొప్పే అనుకుంటుంది. అలా అనుకునే తప్పుదారిన ఎక్కేస్తుంది."

"మీ నోట ఒక మంచి మాట రాదు కదా సార్."

"వయసు మీద పడితే అంతేనమ్మా," అని నవ్వి టీకి లేచినాడు.

ఆ ఆదివారం గిరి ఒక చిన్న మోటారు కొనుక్కొచ్చి బిగిస్తా ఉంటే నాకు తట్టింది. వాల్వు మొత్తం తెరిస్తే మోటారు గాలి లాగతాది. మూసేస్తే నీళ్ళు రావు. మధ్యలో ఏదో ఒక చోటు ఉండాల గదా! ఆఫీసులో చేసేదే ఇంట్లో చేద్దామని రోజూ తెల్లారి వాల్వు రవ్వంత తిప్పి, బకెట్టు ఎంత నిండిందో చూసేది మొదలుపెట్టినా.

"గాలిమరల ఇంజనీరమ్మ కొళాయి తిప్పతా ఉండాది, చూడండయ్యా," అన్నాడు గిరి పళ్ళు తోముకుంటా.

"నవ్వండి, నవ్వండి. నీళ్ళొస్తే మీకు ఒక్క చెంబు కూడా ఇయ్యను."

ఏం రాలేదు. అటు తిప్పినా బుస్సు, ఇటు తిప్పినా బుస్సు. లారీ, బిందెలు, బస్సు. నడుం నొప్పికి పట్టీ వేసుకొని ఆఫీసుకి పోయేదాన్ని.

ఆడి పుట్టింది. వీధి చివర అమ్మవారి గుళ్ళో మైకు మొదలయింది. ముందింటి మంగళక్క, అంటే నా తోడికోడలు, ముగ్గు పెట్టేసి పూలబుట్ట పట్టుకొని పొద్దున్నే గుడికి పోయేది. నేను ఎప్పటిమాదిరి వాల్వు తిప్పినా. బుస్సుమని, దగ్గి, ఎర్రటి నీళ్ళు కక్కి, తర్వాత తెల్లగా దబదబా వచ్చినాయి! మా అక్షయ స్కూలు యూనిఫారంలో పరిగెత్తుకొచ్చి అరవంలో అరిచింది.

"అప్పా! తన్నీ వందిరుచ్చు! అమ్మా, తన్నీ!"

నీళ్ళొచ్చినాయని ఆ బిడ్డ ఎగిరిన ఎగురుకి నాకు ఏడుపొచ్చింది. గిరి బకెట్లు, బిందెలు, ఇడ్లీ పాత్ర, ఏది కనపడితే అది తెచ్చి పెట్టినాడు. మరుసటి దినమూ వచ్చినాయి. ఆ మరుసటి దినమూ. రవ్వంత తిప్పితే ఇంకా ఎక్కువ వచ్చినట్టుండేది. ఇంకో సంగతి కూడా చూసినా. ముందింటి ట్యాంకు పొర్లడం లేదు. వీధిలో వాళ్ళ నీళ్ళ ధార ఎండిపోయింది. ఇంకేం, మా వాటా మేం లాక్కుంటా ఉండామని లెక్క కట్టేసినా.

అటు ఆఫీసులోనూ అంతే. నా ప్రోగ్రాము పెట్టిన మరలన్నీ తెర మీద కరెంటు గీత పైకి పైకి ఎక్కిస్తా ఉండాయి. ఆ వారం నేను నేల మీద నడవలేదు.

అత్త ఒకనాడు అమ్మవారి గుళ్ళో పోసే కూళు, అదే రాగి అంబలి, గిన్నెలో పోసుకొని సందులోకి వచ్చి పిలిచింది. "జయంతీ, నీళ్ళొస్తా ఉండాయా?"

"వస్తా ఉండాయత్తా! నేను వాల్వు సరిగ్గా పెట్టినా గదా. ఏ చోట పెట్టాలో కనిపెట్టేసినా."

"ఆహా," అనింది ఆమె, గిన్నె నా చేతిలో పెడతా. "చదువుకున్న బిడ్డవి. నువ్వు కాబట్టి కనిపెట్టినావు. వాడేమంటాడు? పోతానంటాడా ఇంకా?"

"ఆవణి దాకా చూసి చెప్తానన్నాడు."

"చూడనీ, చూడనీ," అని చేయి గోడకి ఆనించి మెల్లగా తిరిగింది. ఆమె అరచెయ్యి మీద సున్నం అంటుకొని ఉండింది. నేను చూసి కూడా పట్టించుకోలేదు.

ఆడి సగమయినాక సారు నా గీతలు ముందేసుకొని కూచున్నాడు. "ఒక పని చెయ్యమ్మా. ఒక్క మరని ముట్టుకోకుండా వదిలెయ్. నీ ప్రోగ్రాము దానికి పెట్టొద్దు. పాత పద్ధతిలోనే తిరగనీ."

"ఎందుకు సార్, పాపం అది ఒక్కటే ఏం చేసింది?"

"ఏం చెయ్యకపోవడమే దాని పని."

వదిలేసినా. కొన్నాళ్ళు చూసినాం. ముట్టుకోని మర గీత కూడా పైకి ఎక్కింది. నా ప్రోగ్రాము ఉన్న వాటికంటే రవ్వంత తక్కువ, అంతే. ఆడి గాలి గదా! కొండ సందులో అది ఏటేటా వచ్చేదే, వచ్చి అన్ని మరలనీ తిప్పేదే. నేను తిప్పినాననుకున్నా. గాలి కొంచెం మందగించిన రోజు నా మరలు రెండు తప్పు వేగం కాడికి పోయి ఆడనే వేలాడినాయి కూడా. సారు నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

"నీదీ కొంత ఉందమ్మా ఇందులో. కొంచెమే, కానీ ఉంది. మిగతాది గాలికి ఇచ్చెయ్," అన్నాడు.

బస్సులో కిటికీ పక్కన కూచొని ఇంటికి వస్తా ఉంటే మా వాల్వు గుర్తుకొచ్చింది. ముట్టుకోకుండా వదిలేసి చూడాల. అది ఆఫీసులోనే ఎందుకు?

మరుసటి దినం తెల్లారి, గిరి స్నానంలో ఉన్నప్పుడు, వాల్వు మొత్తం తెరిచేసినా. మొదట్లో ఉత్త గాలి లాగిన చోటే అది. మోటారు వేసినా. నీళ్ళు దబదబా పడినాయి. నిన్నటికంటే ఒక్క చుక్క తగ్గలేదు.

నా వాల్వు లేదు, నా లెక్క లేదు. బకెట్టు నిండి కాళ్ళ మీద పొర్లతా ఉంటే నిలబడి చెవులు పెట్టి విన్నా. ముందింట్లో బావ మోటారు మోత లేదు. బావ వేసి పోతాడే! చీర కొంగుతో చేతులు తుడుచుకుంటా సందులో ముందుకి పోయినా. ముందింటి వంటింటి కిటికీకి ఇనప ఊచలే, తలుపు లేదు. లోపలికి చూసినా.

మా అత్త ముక్కాలిపీట ఎక్కి నిలబడి ఉంది. మా వాకిలి రెండు మెట్లు ఎక్కలేని మనిషి. ఒక చెయ్యి గోడకి ఆనించింది, ఇంకో చెయ్యి మోటారు స్విచ్చి మీద పెట్టింది. పీట కాలొకటి వదులు, అటూ ఇటూ ఊగతా ఉంది. ఆమె చూపు వీధి వాకిలి మీదే ఉంది, మంగళక్క వస్తాదేమోనని. పెదాలు ఏదో గొణుగుతా ఉండాయి, అమ్మవారి పేరో, చిన్నకొడుకు పేరో. కాసేపటికి స్విచ్చి వేసింది. మోటారు గుర్రుమనింది. గోడని రెండు చేతులా పట్టుకొని, ఒక కాలు కింద పెట్టి, అబ్బా అని, రెండో కాలు పెట్టింది. పీటని కాలితో మూలకి నెట్టింది.

వెనక్కి వచ్చి, నీళ్ళ బకెట్టు పక్కన కూలబడినా. చదువుకున్న బిడ్డనంట నేను! కనిపెట్టినానంట! సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. ఆ ముసలి ప్రాణం మా పైపుకి నీళ్ళు రావాలని రోజూ ఆ పీట ఎక్కి మోటారు ఆపతా ఉంటే, నేను ఆమెకే వాల్వు గొప్పలు చెప్పినా.

గిరికి చెప్పాలని నోటి దాకా వచ్చింది. చెప్తే ఏమవతాది? "మా అమ్మ దొంగతనంగా ఇచ్చే నీళ్ళు నాకొద్దు" అంటాడు, ఆ దినమే సామాను కట్టతాడు, ఆడి లేదు గీడి లేదు. బావకి తెలిస్తే ఆమెకి ఆ ఇంట్లో నిలవనీడ ఉండదు. ఎటు చూసినా ఆమెకే నష్టం. అందుకని నోరు మూసుకున్నా. రోజూ తెల్లారి గిరి చూస్తా ఉండగా వాల్వు కాడ వంగి, రవ్వంత అటు, రవ్వంత ఇటు తిప్పేదాన్ని.

"ఇయ్యాల ఎంత తిప్పినావు?" అనేవాడు.

"కొంచెం."

"నువ్వు ఉండబట్టి మేమీడ బతకతా ఉండాం," అనేవాడు మురిసిపోతా. ఆ మాట వినేటప్పుడల్లా వాల్వు చేతిలో కాలినట్టుండేది.

కానీ ఇదంతా ఎన్నాళ్ళు? ఆడి ఉన్నన్నాళ్ళే. ఆడి పోతే మంగళక్క పొద్దున్నే గుడికి పోదు, ఇంట్లోనే ఉంటాది. అత్తకి పీట ఎక్కే వీలుండదు. ఆవణి మొదటి దినం పైపు మళ్ళీ బుస్సుమంటాది, మా ఆయన బండి పిలుస్తాడు. ఇంతా చేసి ఆ ముసలామె సంపాదించుకున్నది ఒక్క నెల.

రోజూ కిటికీ కాడికి పోయి ఒక కంట చూసి వచ్చేదాన్ని, ఆమె పడిపోతే పట్టుకోను కూడా లోపలికి పోలేను, అయినా చూసేదాన్ని. ఆడి చివరి శుక్రవారం పోయినాక ఒకనాడు చూస్తే ముక్కాలిపీట లేదు. దాని చోట వెడల్పాటి చెక్కపీట ఉంది, మా మామ కూచొని భోంచేసేవాడే, అది. అటకమీద ఉండేది. దాని మీద నల్లటి రబ్బరు మ్యాటు పరిచి ఉంది, తడికాళ్ళతో నిలబడి స్విచ్చి ముట్టుకున్నా కరెంటు కొట్టకుండా. అత్త దాని మీద తాపీగా నిలబడి స్విచ్చి ఆపతా ఉంది.

అటకమీద పీట ఆమె దించగలిగేది కాదు. బావ దించడు. ఇంక మిగిలింది మంగళక్క ఒక్కతే, అయినా నమ్మబుద్ధి కాలేదు. మంగళక్కతో నాకు ఎప్పుడూ పడదు. గోడ కట్టిననాటినించి నా ముఖాన ఒక మంచి మాట అన్న మనిషి కాదు. బిందె మోసుకొని వస్తా ఉంటే వాకిట్లో నిలబడి చూసేది, "ఏం మే, లారీ వచ్చిందా" అనేది, అంతే.

ఆవణి పుట్టింది. గుడి మైకు లేదు, వీధంతా బోసిగా ఉంది. గిరి లేచీ లేవగానే ఫోను చేతిలో పట్టుకున్నాడు. "ఇంటాయన ఈ పొద్దు జవాబు చెప్పమన్నాడు. చూద్దాం నీ వాల్వు సంగతి."

వంగి వాల్వు పట్టుకున్నా. ముందింట్లో బావ మోటారు గుర్రుమంటా ఉంది. మా పైపు బుస్సుమనింది. గిరి పెదవి విరిచి ఫోనులో నెంబరు వెతకతా ఉండాడు. "ఉండండి, ఇంకొంచెం తిప్పతా," అన్నా. ఏం తిప్పేది? ఊరికే తిప్పినా.

మోత ఆగింది. పైపు దగ్గింది. నీళ్ళొచ్చినాయి.

"అదీ!" అన్నాడు గిరి. నేను బకెట్టు ఆయన చేతికిచ్చి, కరివేపాకు తెస్తానని చెప్పి వీధిలోకి పడినా. ముందింటి వాకిట్లో ముగ్గు తడారలేదు, మంగళక్క చెప్పుల్లేవు. వీధి చివర పంకజం పూలంగడి. పంకజం పూలు కట్టతా ఉంది. ఆమె పక్కన తిరగేసిన డబ్బా మీద, బుట్ట ఒళ్ళో పెట్టుకొని, చెప్పులు విప్పి పాదాలు పిసుక్కుంటా కూచొని ఉంది మంగళక్క. బుట్ట ఖాళీ.

నన్ను చూసి ఉలిక్కిపడలేదు. "ఏం మే, నీళ్ళు పట్టుకోలేదా? ఈడికొచ్చినావే," అనింది.

"పట్టతా ఉండాడు. అక్కా, ఆడి పోయింది గదా. గుడి..."

"గుడికి పోయి ఒక దండం పెట్టుకొని వచ్చినా. ఎంతసేపని దండాలు పెట్టేది? ఆ తల్లికీ విసుగు రాదా?" పక్కన ఇంకో డబ్బా కాలితో తోసింది. కూచున్నా.

"మీకు ఎప్పటినించి తెలుసు?"

"మొదటి దినమే. ట్యాంకు పొర్లకపోతే నాకు తెలీదా? ఈయన అడిగినాడు, ఏం మోటారు సరిగ్గా లాగలేదా అని. నేను గుడికి పోయినా, నాకేం తెలుసన్నా. అది అబద్ధం గాదు గదా. ఇంట్లో ఉంటే అబద్ధం చెప్పాల, మొగుడి ముఖం చూసి నాకు అబద్ధం రాదు. అందుకని బయట కూచుంటా."

"బావకి మీరే చెప్పుండొచ్చు గదా."

"నీ మొగుడికి నువ్వు చెప్పినావా?"

పంకజం తలెత్తకుండా మూర నాకొకటి తెంపి ఇచ్చింది.

"ఆ ముక్కాలిపీట చూసినప్పుడల్లా నా గుండె జారేది," అనింది మంగళక్క. "నాకు తెలిసినట్టు ఆమెకి తెలియకూడదు. తెలిస్తే మానేస్తాది. అదీ ఆ మనిషికి రోషం. ఇంట్లో అందరికీ రోషాలే, మనకే లేవు." పాదం కింద పెట్టి మొహం చిట్లించింది. "మడమలు నొస్తా ఉండాయి మే, ఈ డబ్బా మీద కూచోలేక. కాసేపు ఉండి పో, నువ్వూ మనిషివే గదా."

ఉన్నా. ఇంత అలసట ఆమెకీ ఉందని నాకు అంతవరకూ తెలీదు.

లేచేటప్పుడు అనింది, "ఆ కొళాయి మాత్రం తిప్పతానే ఉండు. వానలు పడేదాకా చూద్దాం."

"తిప్పతా అక్కా."

ఇంటికి పోయేటప్పటికి గిరి ఫోను జేబులో వేసుకుంటా ఉండాడు. "చెప్పేసినా తిరునిన్రవూరాయనకి, రామని," అన్నాడు. బిందెలన్నీ నిండి ఉండాయి. "కరివేపాకు యాడే?"

మర్చిపోయినానన్నా. చేతిలో మల్లెపూల మూర చూసి నవ్వినాడు. అంతలో ముందింట్లో మోటారు గుర్రుమని మొదలయింది. అత్త పీట దిగి ఉంటాది. నేను వంగి వాల్వు రవ్వంత వెనక్కి తిప్పినా.